పాప చేతుల్ని పట్టి ఆపే ముందు

అమ్మలూ,

పాప రిపోర్టులో ఎంఈసీపీ2 జన్యువులో మార్పు కనిపించిందని, రెట్ సిండ్రోమ్ (మెదడు ఎదుగుదలను దెబ్బతీసే జన్యు జబ్బు) అని ఖాయం చేశారని మీ అమ్మ చెప్పింది. మెలకువగా ఉన్నంతసేపూ చేతులు పిసుక్కుంటోంది, వేళ్లు నోట్లో కుక్కుకుంటోంది, ఎలా మాన్పించను అని అడిగావు. పూర్తిగా మాన్పించలేం తల్లీ. ఆ పట్టుదల వదిలేస్తే పాపకూ నీకూ చాలా బాధ తప్పుతుంది. మన చేతుల్లో ఉన్నవి మూడు పనులు: చర్మం పుండు పడకుండా చూడటం, ఒక చెయ్యినైనా పనికి నిలబెట్టుకోవడం, కదలికలు ఉన్నట్టుండి పెరిగితే కారణం పట్టుకోవడం.

ఇది గారాబంతో వచ్చిన అలవాటూ కాదు, మొండితనమూ కాదు. 1954లో వియన్నాలో ఆండ్రియాస్ రెట్ అనే పిల్లల డాక్టరు, తన గది బయట తల్లుల ఒళ్లో కూర్చున్న ఇద్దరు ఆడపిల్లలు అచ్చం ఒకేలా చేతులు నలుపుకోవడం గమనించాడు. జబ్బును గుర్తుపట్టడం అక్కడే మొదలైంది. జన్యువు దొరికింది 1999లో. పాపకు చెయ్యి చాచాలని ఉంటుంది, మెదడు నుంచి చేతికి ఆ ఆజ్ఞ సరిగా అందదు. నిద్రపోతే కదలికలు ఆగిపోతాయి. భయపడినా పెరుగుతాయి, సంతోషం పట్టలేకపోయినా పెరుగుతాయి. అందుకే ‘చేతులు దించు’ అని గద్దిస్తే ఇంకాస్త ఎక్కువవుతాయి.

ముందు ఒక నోటుబుక్కు పెట్టు. పది రోజులు చాలు. ఎప్పుడు పెరిగింది, దానికి ముందు ఏం జరిగింది, ఎంతసేపు ఉంది, ఏం చేస్తే తగ్గింది, అంతే రాయి. రోజుకొకసారి ఒక నిమిషం వీడియో తియ్యి, అందులో ముఖం, చేతులు, ఛాతీ మూడూ కనబడాలి. డాక్టరుకు నీ మాటలకన్నా ఆ నిమిషమే ఎక్కువ చెబుతుంది, ఎందుకంటే రెట్ పిల్లలకు ఫిట్సు కూడా వస్తాయి, రెండూ కలిసిపోయి కనిపిస్తాయి. పేరు పెట్టి పిలిచి, చెయ్యి మీద మెల్లగా చెయ్యి వేసినప్పుడు ఒక్క క్షణమైనా ఆగితే చాలావరకు అది మామూలు కదలికే. చూపు నిలిచిపోయి, ఎంత పిలిచినా పలక్కుండా, తర్వాత సొమ్మసిల్లి పడుకుంటే ఫిట్సు అని అనుమానించాలి. తేల్చేది మాత్రం వీడియో తీస్తూ చేసే ఈఈజీ, అంటే మెదడులోని విద్యుత్ తరంగాలను చూసే పరీక్ష.

ఒక్క రోజులోనో రెండు రోజుల్లోనో చేతుల కదలికలు మరీ ఎక్కువైతే, పాప ఎక్కడో నొప్పి అని చెబుతోందనుకో. నోటితో చెప్పలేదు కదా. మొదట విరేచనం ఎప్పుడైందో చూడు, ఈ పిల్లల్లో మలబద్ధకం చాలా ఎక్కువ. పొట్ట ఉబ్బిందా? గాలి మింగే అలవాటు వల్ల కూడా ఉబ్బుతుంది. తిన్నాక వెనక్కి విరుచుకుని ఏడిస్తే పుల్లటి తేన్పులు గొంతులోకి వస్తున్నాయేమో. పళ్లు, చెవులు, మూత్రంలో మంట కూడా వరుసగా చూసుకో. ఎముకలు బలహీనంగా ఉంటాయి కాబట్టి చిన్న దెబ్బకే విరగొచ్చు. ఒక కాలో చెయ్యో కదపకుండా దాచుకుంటుంటే ఎక్స్‌రే తీయించు. ఇవేవీ చూడకుండా ప్రవర్తనకని మందు వేస్తే నొప్పి లోపలే ఉండిపోతుంది.

చర్మం సంగతి. నోట్లో నానిన వేళ్లు తెల్లబడి, కణుపుల దగ్గర పగులుతాయి. రోజుకు నాలుగైదుసార్లు మామూలు నీళ్లతో కడిగి, రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్ది, వేళ్ల సందులు బాగా ఆరాక పల్చగా పెట్రోలియం జెల్లీ రాయి. తడి మీద రాస్తే చెమ్మ లోపలే ఉండి ఇంకా చెడుతుంది. గోళ్లు వారానికోసారి కత్తిరించు. పసుపు, కొబ్బరినూనె పట్టించమని ఎవరో ఒకరు చెబుతారు, ఆ చేతులు మళ్లీ నోట్లోకే పోతాయి కాబట్టి వద్దు. ఎర్రబడి వాసన వస్తే, చీము కనిపిస్తే, వేలు వాస్తే ఆ రోజే డాక్టరుకు చూపించు.

ఇక మోచేతి పట్టీ, అంటే మోచెయ్యి పూర్తిగా మడత పడకుండా ఆపే కట్టు. చాలామంది తప్పుచేసేది ఇక్కడే. చున్నీతో చేతులు కట్టేస్తారు, సాక్సులు తొడుగుతారు. రెండు చేతులూ కట్టేస్తే పాపకు మిగిలేదేమీ లేదు, కంగారెక్కి ఊపిరి బిగబట్టడం, పళ్లు కొరకడం మొదలవుతుంది. పట్టీ ఒక్క చేతికే వెయ్యాలి. బిస్కెట్టు ఎదురుగా పెట్టి, ముందు ఏ చెయ్యి కదులుతుందో నాలుగైదుసార్లు చూడు. ఆ చెయ్యిని వదిలేసి రెండోదానికి వెయ్యి. మోచెయ్యి పూర్తిగా మడత పడకపోతే ఆ చెయ్యి నోటిదాకా రాదు, రెండోదాన్ని పట్టుకోలేదు. దాంతో రెండో చెయ్యి ఖాళీ అవుతుంది.

లోపల సన్నటి ప్లాస్టిక్ బద్దలు కుట్టిన మెత్తటి గుడ్డ పట్టీ, వెల్క్రోతో ఉన్నది మంచిది. ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనులకు చేతుల్ని అలవాటు చేయించే నిపుణులు) చేత కొలత తీయించు. చంకకూ మణికట్టుకూ ఒరుసుకోకూడదు, కట్టాక కింద రెండు వేళ్లు దూరాలి. మొదటి వారం పది నిమిషాలు, రోజుకు రెండుసార్లు, అన్నం తినేటప్పుడో ఆడేటప్పుడో. విప్పాక ఎర్రటి గుర్తు అరగంటలో పోవాలి, పోకపోతే కొలత తప్పు. రెట్ పిల్లల చేతులు, పాదాలు మామూలుగానే చల్లగా, నీలంగా ఉంటాయి, అందుకని కట్టకముందు రంగు చూసి పెట్టుకో, తర్వాత పోల్చుకోవచ్చు. బాగా అలవాటయ్యాక ఇరవై, ముప్పై నిమిషాలకు పెంచు. పట్టీతో నడిపించకు, పడితే చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. రాత్రి అక్కర్లేదు, నిద్రలో కదలికలే ఉండవు. ఎదురుగా చేసే పని ఏదీ లేకుండా ఊరికే పట్టీ వేసి కూర్చోబెట్టడం మాత్రం శిక్షే.

పట్టీ లేనప్పుడు నీ చెయ్యే పట్టీ. పాప ముందు కదిపేది కుడిచెయ్యి అనుకుంటే, ఎడమ చెయ్యిని మెల్లగా, పిండకుండా పట్టుకుని, కుడిచేతి దగ్గరకు చెంచా జరుపు. ‘పట్టుకో’ అని ఒక్కసారే చెప్పి ఆగు. మనసులో ఇరవై లెక్కపెట్టు. మనవాళ్లకు ఓపిక పట్టనిది ఇక్కడే: ఐదు సెకన్లకే మళ్లీ చెబుతారు, పాప మొదటి మాటకు చెయ్యి కదపబోతుండగా రెండోది వచ్చి పడుతుంది, మొత్తం చెదిరిపోతుంది. ఈ పిల్లలకు చూపే భాష. పెరుగన్నం ఫొటో ఒక పక్క, అరటిపండు ఫొటో ఇంకో పక్క, మధ్యలో అడుగు ఖాళీ ఉండేలా పట్టుకో. దేనిమీద చూపు నిలిస్తే అది పెట్టు. పాప ఎంచుకున్నది వెంటనే అందాలి, అప్పుడే నమ్మకం కుదురుతుంది.

మందుల విషయంలో ఒక్కటి బాగా గుర్తుపెట్టుకో. రెట్ పిల్లల్లో కొందరికి ఈసీజీలో క్యూటీ వ్యవధి (గుండె ఒక్కో కొట్టుకు తర్వాత మళ్లీ సిద్ధమవడానికి పట్టే సమయం) ఎక్కువగా ఉంటుంది, అది గుండె లయకు ప్రమాదం. ఏడాదికోసారి ఈసీజీ తీయించాలి. వాంతులకు, జలుబుకు మనం మామూలుగా వాడే డోంపెరిడోన్, ఆండాన్‌సెట్రాన్, అజిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ కూడా ఆ వ్యవధిని పెంచుతాయి. ఏ డాక్టరు దగ్గరికెళ్లినా, ఏ మందుల షాపులో నిలబడినా ముందు ‘రెట్ సిండ్రోమ్’ అని చెప్పు. ట్రోఫినెటైడ్ అనే మందుకు 2023లో అమెరికా అనుమతి వచ్చింది, రెండేళ్లు దాటినవాళ్లకు. అది జబ్బును నయం చెయ్యదు. వాంతులు, విరేచనాలు దాని ముఖ్యమైన ఇబ్బందులు.

థెరపీ సెంటర్లో నీకు కలిసే తల్లుల పిల్లలకు ఇవే సలహాలు చెప్పెయ్యకు, జబ్బును బట్టి మారతాయి. నేను కింద చెప్పేవన్నీ వేరే జన్యు జబ్బులు. స్మిత్-మాగెనిస్ పిల్లలు సంతోషం వస్తే తమని తాము గట్టిగా వాటేసుకుంటారు. దానివల్ల హాని లేదు, వదిలెయ్యాలి. ఫ్రాజైల్ ఎక్స్ పిల్లలు చేతులు ఆడించినా, చెయ్యి కొరుక్కున్నా, చుట్టూ గోల తగ్గించి, కళ్లలోకి చూడమని బలవంతపెట్టకుండా ఉంటే చాలావరకు సర్దుకుంటారు. ప్రాడర్-విల్లీలో చర్మం గిల్లుకుంటారు, అక్కడ గాయం కప్పి ఉంచి చేతికి పని ఇవ్వాలి. లెష్-నైహాన్ పిల్లలు పెదవులు, వేళ్లు కొరుక్కుంటారు, తమ ఇష్టానికి విరుద్ధంగా. వాళ్లకైతే చేతికి రక్షణ ఉంటేనే ధైర్యం, తీసేస్తే భయపడతారు. పాపకు నేను వద్దన్నది ఆ పిల్లాడికి కావాలి.

వచ్చేవారం అపాయింట్‌మెంటుకు నోటుబుక్కు, మూడు నాలుగు వీడియోలు, పాత ఈసీజీ ఉంటే అదీ తీసుకెళ్లు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్ఐఈపీఐడీ (బుద్ధి వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థ) ఉంది, థెరపీతోపాటు వైకల్య ధ్రువపత్రం గురించి కూడా అడుగు. ఆ పత్రం వస్తే నిరామయ ఆరోగ్య బీమాకు దరఖాస్తు చెయ్యొచ్చు, ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది, థెరపీ ఖర్చుకూ కొంత ఉంటుంది. పట్టీ కొలత తీసిన రోజు రెండు కుట్టించు. ఒకటి ఉతికి ఆరేసినప్పుడు రెండోది ఉండాలి, తడి పట్టీ వేస్తే చర్మం పాడవుతుంది.

పెద్దమ్మ