చిన్న బాల్కనీలో ఏ కూరగాయలు వేయాలి? ముందు పావురాల సంగతి చూడండి

మీరు అడిగినవి రెండు: పది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు ఉన్న బాల్కనీలో కుండీల్లో ఏం వేస్తే బాగా వస్తాయి, దానివల్ల నెలకి కూరగాయల ఖర్చు ఎంత తగ్గుతుంది అని. రెండింటికీ చెబుతాను. అంతకంటే ముందు ఒక మాట. కుండీలు, మట్టి, విత్తనాలు ఏవీ ఇప్పుడే కొనకండి. మొదటి ఖర్చు పావురాల వలకి పెట్టండి.

మాది మియాపూర్‌లో నాలుగో అంతస్తు, తూర్పు బాల్కనీ. హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో మొక్కలకి అసలు శత్రువు పురుగు కాదు, ఎండ కాదు, పావురం. ఈ సంగతి మొక్కల పెంపకం వీడియోల్లో చెప్పరు. ఎందుకంటే ఆ వీడియోలు తీసేవాళ్లందరికీ సొంత డాబాలున్నాయి. రోజంతా ఎండ పడే మిద్దె మీద నిలబడి "ఎవరైనా ఈజీగా పెంచుకోవచ్చండీ" అంటారు. ఆ మాట నమ్మి రోజుకి మూడు గంటలే ఎండ పడే బాల్కనీలో క్యాబేజీ వేస్తే ఆకులు వస్తాయి గానీ గడ్డ కట్టదు. మిద్దె తోట వేరు, బాల్కనీ వేరు. దీని మీద నాతో ఎవరు వాదించినా నేను తగ్గను.

మెంతులు చల్లిన మర్నాడే పావురాలు దిగుతాయి. గింజలు తినడంతో ఆగితే సరిపెట్టుకోవచ్చు. మా ఇంట్లో ఏం జరిగిందంటే, కోత అయిపోయి ఖాళీగా ఉన్న తోటకూర టబ్బులో ఒక పావురం నాలుగు చీపురు పుల్లలు, ఎక్కడినుంచో తెచ్చిన వైరు ముక్క పడేసి, అదే గూడు అనుకుని రెండు గుడ్లు పెట్టింది. పక్షి జాతిలో ఇంత బద్ధకంగా ఇల్లు కట్టుకునేది ఇంకోటి లేదని నా అభిప్రాయం.

అప్పుడు మా అత్తయ్య తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. నేను టబ్బు తీసి కారిడార్‌లో పెట్టబోతుంటే అడ్డం పడ్డారు.

"గుడ్ల మీద ఉన్నదాన్ని లేపుతావేంటమ్మాయ్, పాపం కదూ!"

"నా తోటకూర సంగతేంటి అత్తయ్యా?"

"తోటకూర బజార్లో దొరుకుద్దిలే."

మా ఆయన ఎప్పట్లాగే ఇద్దరూ చెప్పింది నిజమే అని లోపలికి వెళ్లిపోయారు.

పావురం గుడ్డు పిల్ల కావడానికి పద్దెనిమిది రోజుల దాకా పడుతుంది. ఆ పిల్లకి రెక్కలొచ్చి ఎగరడానికి ఇంకో నెల. అన్నాళ్లూ మా బాల్కనీ తలుపు తీయాలంటే అత్తయ్య పర్మిషన్ కావాలి. బట్టలు బెడ్‌రూమ్ ఫ్యాన్ కింద ఆరేవి. నీళ్లు పోయడానికి చెయ్యి చాపితే ఆ పావురం రెక్కతో ఫట్‌మని కొట్టేది. "తల్లి కదా, ఆమాత్రం ఉంటుంది" అని ఆవిడ దాన్నే వెనకేసుకొచ్చేవారు. పైగా పొద్దున్నే గుప్పెడు నూకలు. ఆ నూకల కబురు ఎలా పాకిందో, పక్క బ్లాకు పావురాలన్నీ మా రెయిలింగ్ మీదే పంచాయితీ పెట్టాయి. టమాటా నారు విరిగింది, కొత్తిమీర వేళ్లతో సహా లేచింది, పుదీనా మీద రెట్ట. వంటింటి కిటికీ తీస్తే ఒకటే వాసన. ఎండిన రెట్ట దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తుల జబ్బులు వస్తాయని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. అయినా మన ఊళ్లో కూడళ్ల దగ్గర సంచులకి సంచులు జొన్నలు పోయించేవాళ్లు తగ్గరు. పుణ్యం వాళ్లకి, రెట్ట మనకి. మక్కా మసీదు ముందు పావురాలు అందంగానే ఉంటాయి, అక్కడ ఎవరూ మెంతికూర పెంచట్లేదు కాబట్టి.

పిల్లలు ఎగిరిపోయాక కూడా అత్తయ్య మనసు మారలేదు. ఆవిడ ఎంతో కష్టపడి పెట్టిన గుమ్మడి వడియాల మీద ఒకటి రెట్ట వేసినప్పుడు మారింది. పళ్లెం కేసి ఒకసారి, ఆకాశం కేసి ఒకసారి చూసి, "ఆ వల అతనికి ఫోన్ చెయ్యమ్మాయ్" అన్నారు.

వల కట్టేవాళ్లు చదరపు అడుగు లెక్కన తీసుకుంటారు. నైలాన్ వల అడగండి, సన్నదారంది ఒక ఎండాకాలానికే పెళుసెక్కుతుంది. వల కన్ను రెండు అంగుళాలకి మించకూడదు. పావురం దూరదు, తేనెటీగకి అడ్డం ఉండదు. గుడ్లు లేనప్పుడే కట్టించండి, లేదంటే నాలాగే ఇంట్లో తగువు.

ఇక మొక్కలు. ఆ వల వల్లే నాకు మంచి పంట దొరికింది. మళ్లీ వచ్చినప్పుడు అత్తయ్య వాళ్ల పెరట్లోని దొండ తీగ ముక్కలు తడిగుడ్డలో చుట్టి తెచ్చారు. మూడు నాలుగు కణుపులున్న ముదురు ముక్క తీసుకుని, రెండు కణుపులు మట్టిలోకి వెళ్లేలా గుచ్చితే చాలు. అది వల పట్టుకుని పాకింది, వేరే పందిరి అవసరమే పడలేదు. దొండలో ఆడ తీగ, మగ తీగ వేరు. మనం కూరకి పెంచేవన్నీ ఆడ తీగలే, పరాగంతో పని లేకుండానే కాయ కడతాయి. నాలుగో అంతస్తుకి తేనెటీగలు రావడమే అరుదు కాబట్టి బాల్కనీకి దీన్ని మించిన తీగ కూర లేదు.

బీర అలా కాదు. పూలు విరగబూస్తాయి, పిందెలు పసుపు రంగుకి తిరిగి రాలిపోతాయి. మగపువ్వు కోసి, అడుగున బుల్లి పిందె ఉన్న ఆడపువ్వు మధ్యలో మనమే అద్దాలి. చిక్కేమిటంటే బీర పువ్వు విచ్చుకునేది సాయంత్రం పూట. ఐటీ కారిడార్‌లో ఉద్యోగం చేసేవాళ్లు ఆ టైముకి ట్రాఫిక్‌లో ఉంటారు. కాకర పొద్దున్నే పూస్తుంది, అది కొంచెం నయం.

మిగతాదంతా మీ బాల్కనీ ఏ దిక్కుకి ఉందో దాన్ని బట్టి. మీరు ప్రశ్నలో అదే రాయలేదు! తూర్పయితే పొద్దుటి ఎండ మూడు నాలుగు గంటలు పడుతుంది: తోటకూర, పాలకూర, చుక్కకూర, మెంతి, పుదీనా. ఉత్తరమైతే బచ్చలి, పుదీనా, తమలపాకు, అంతకు మించి ఆశపడకండి. పడమర ఎండ కుండీలని కాల్చేస్తుంది, అయినా మిరప, వంగ తట్టుకుంటాయి. దక్షిణం వాళ్లు అదృష్టవంతులు, కానీ ఏడాదంతా కాదు. చలికాలంలో సూర్యుడు దక్షిణంగా వాలి నడుస్తాడు కాబట్టి డిసెంబరు ఎండ బాల్కనీ లోపలికంటా వస్తుంది. మే నెలలో నడినెత్తిన ఉంటాడు, హైదరాబాదులో మే 9 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం నిలువు కర్రకి నీడే పడదు. అప్పుడు కుండీలన్నీ పై అంతస్తు స్లాబు నీడలోనే ఉండిపోతాయి. టమాటాకి కూడా ఆ లెక్కే సరిపోతుంది. పగటి వేడి 35 డిగ్రీలు దాటితే దాని పూత రాలిపోతుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో నారు నాటుకోండి, ఫిబ్రవరి దాకా కాయలు కోసుకోండి.

మట్టికి పెద్ద శాస్త్రం అక్కర్లేదు. ఎర్రమట్టి, వర్మీకంపోస్టు (వానపాముల ఎరువు), కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) సమానంగా, కుండీకి గుప్పెడు వేపపిండి. కోకోపీట్ ఇటుక ఐదు కిలోలది తీసుకుంటే బక్కెట్‌లో నానబెట్టకండి, డెబ్బై లీటర్ల దాకా ఉబ్బుతుంది, బాత్రూమ్ అంతా అదే అవుతుంది. మిరపాకు పైకి ముడుచుకుంటే తామర పురుగు (త్రిప్స్), కిందికి ముడుచుకుంటే మొక్కల నల్లి (మైట్స్). మొదట్లోనే చూస్తే లీటరు నీళ్లకి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం కొట్టండి. పండ్ల మొక్కల జోలికి వెళ్లొద్దు. నర్సరీలో కాయలతో కళకళలాడే నిమ్మ మొక్కని చూసి మోజు పడతారు, ఎండ సరిపోని బాల్కనీకి తెచ్చాక ఆ కాయలు రాలిపోతాయి.

కింది ఫ్లాట్ వాళ్లతో గొడవ తప్పదు, దానికి సిద్ధంగా ఉండండి. కుండీ కింద పళ్లెం పెట్టకపోతే మన నీళ్లు వాళ్ల బట్టల మీద పడతాయి, అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఫొటో వస్తుంది. పెడితే దోమలని ఇంకో ఫొటో. ఈ రెండోది మాత్రం నిజమే, నిలవ నీళ్లలో డెంగీ దోమ గుడ్డు వారం, పది రోజుల్లో దోమవుతుంది. రెండు రోజులకోసారి పళ్లేలు వంపేయండి.

చివరికి ఖర్చు. తగ్గదు. వల, కుండీలు, ఎరువు అన్నీ కలిపితే ఆ డబ్బుకి కూకట్‌పల్లి రైతుబజార్లో చాలా నెలల కూరగాయలు వస్తాయి. మిగిలేదల్లా పోపులోకి కరివేపాకు, పచ్చట్లోకి పుదీనా లాంటి వాటి మీదే. పది రూపాయల కట్ట కోసం యాప్‌లో ముప్పై రూపాయల డెలివరీ ఛార్జీ కట్టే అలవాటు మీకుంటే అది మానొచ్చు. కొత్తిమీర ఒక్కటి మార్చి నుంచి జూన్ దాకా వేయకండి. మొలిచిన నాలుగూ ఆకు వేయకుండానే పూతకొస్తాయి, ఆ నాలుగు నెలలూ కొనుక్కోవడమే.