వీల్‌ఛైర్ అంటే ఎయిర్‌పోర్టు వరకేనా?

అమ్మావాళ్ళకి టికెట్లు బుక్ చేశాక మనవాళ్ళు చేసే మొదటి పని వీల్‌ఛైర్ రిక్వెస్ట్ పెట్టడం. నడవలేక కాదు, దోహాలోనో దుబాయ్‌లోనో గేటు వెతుక్కోలేరని, ఇమిగ్రేషన్‌లో ఇంగ్లిష్‌లో ఏదో అడిగితే కంగారు పడతారని. రైతు బజారు నుంచి రెండు చేతులా సంచులు మోసుకొచ్చే మనిషి శంషాబాద్‌లో కారు దిగగానే కుర్చీలో కూర్చుంటాడు, దానికి ఎవరికీ మొహమాటం ఉండదు. అలాంటి మనమే అమెరికాలో కుదురుకున్నాక నిజంగా అవసరం పడ్డ చోట, అంటే పిల్లాడి స్కూల్లో, అపార్ట్‌మెంట్ ఆఫీసులో, మన గుడిలో, మన ఉగాది ఈవెంట్‌లో నోరు విప్పం. "ఎందుకులెండి వాళ్ళని ఇబ్బంది పెట్టడం" అంటాం. డాలస్ పక్కన చాలాకాలంగా ఉంటున్నాను కాబట్టి వైకల్యం ఉన్న ఇంటివాళ్ళకి ఇక్కడ ఏం అడగొచ్చు, ఎలా అడగాలి అని కొత్తగా వచ్చినవాళ్ళు నన్ను అడుగుతుంటారు, అదీ వేరే విషయాలన్నీ అయిపోయి ఫోన్ పెట్టేసే ముందు, గొంతు తగ్గించి. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాసేస్తున్నాను. టెక్సస్ సంగతులే ఎక్కువ ఉంటాయి, మీ రాష్ట్రంలో పేర్లు, గడువులు మారతాయి, అది చూసుకోండి.

ముందు ఎయిర్‌పోర్టు సంగతి తేల్చేద్దాం. అమెరికాకి వచ్చే, ఇక్కణ్ణుంచి వెళ్ళే విమానాల్లో వీల్‌ఛైర్ సాయం ఉచితంగా ఇచ్చి తీరాలని 1986 నాటి చట్టం ఒకటి ఉంది, గల్ఫ్ ఎయిర్‌లైన్స్‌కి కూడా ఆ రూల్ వర్తిస్తుంది. సొంత కుర్చీ ఉంటే అది లగేజీ లెక్కలోకి రాదు. బ్యాటరీ కుర్చీ అయితే బ్యాటరీ ఏ రకమో కనీసం 48 గంటల ముందు చెప్పాలి, దిగేచోట కుర్చీని బ్యాగుల బెల్టు దగ్గరకి కాకుండా విమానం తలుపు దగ్గరికే తెచ్చివ్వమని ఎక్కేటప్పుడే అడగాలి. మీ సమస్య భాష ఒక్కటే అయితే మాత్రం, చాలా ఎయిర్‌లైన్స్‌లో మనిషి వెంట ఉండి దారి చూపించే 'మీట్ అండ్ అసిస్ట్' అని వేరే ఏర్పాటు ఉంటుంది, ముందు అది అడగండి. ఇది కొంతమందికి కోపం తెప్పిస్తుందని తెలుసు. కానీ కుర్చీలు తోసే మనుషులు సరిపోక, నిజంగా నడవలేని పెద్దావిడ అందరూ దిగిపోయాక ఖాళీ విమానంలో ఎదురుచూస్తూ కూర్చోవాల్సి వస్తుంది.

"ఇండియాలో సదరం సర్టిఫికెట్ ఉందండీ, ఇక్కడ పనికొస్తుందా?" అని అడుగుతారు. రాదు, కేంద్రం ఇచ్చే వైకల్య గుర్తింపు కార్డు, అదే యూడీఐడీ, అది కూడా రాదు. ఇక్కడ అసలు అన్నింటికీ కలిపి ఒక కార్డు అంటూ లేదు, ఏ అవసరానికి ఆ కాగితం. పార్కింగ్‌కి అయితే డాక్టరు సంతకం పెట్టిన ఫారం టెక్సస్‌లో కౌంటీ ట్యాక్స్ ఆఫీసులో ఇవ్వాలి. శాశ్వతమైన ఇబ్బందికి నీలం కార్డు, మోకాలి ఆపరేషన్ లాంటివాటికి ఎర్ర కార్డు ఇస్తారు. ఆ కార్డు మనిషికి చెందుతుంది, కారుకి కాదు. నాన్నగారు ఇంట్లో నిద్రపోతుంటే ఆయన కార్డు అద్దానికి తగిలించుకుని కాస్ట్‌కోకి వెళ్తే ఇక్కడ మొదటిసారే జరిమానా 500 డాలర్ల నుంచి మొదలవుతుంది. ఇంకోటి, ఆ పార్కింగ్ పక్కన గీతలు గీసి వదిలిన జాగా ఉంటుంది చూశారా, అది ఖాళీ జాగా కాదు. వ్యాన్ పక్కనుంచి ర్యాంపు దించుకుని కుర్చీ బయటికి రావడానికి వదిలింది. దీపావళి రోజు గుడి పార్కింగ్‌లో "రెండు నిమిషాలే" అని దానిమీద కారు పెట్టి వెళ్తే, తిరిగొచ్చిన మనిషి తన వ్యాన్‌లో తాను ఎక్కలేక బయట నిలబడి, కాదు, బయట కూర్చుని ఉంటాడు.

అద్దె ఇంట్లో ఉంటే బాత్రూంలో పట్టుకునే కడ్డీలు బిగించుకుంటామన్నా, గుమ్మం దగ్గర చిన్న ర్యాంపు పెట్టుకుంటామన్నా ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం ఓనరు మామూలుగా కాదనకూడదు, ఖర్చు మాత్రం మనదే. తలుపుకి దగ్గరగా పార్కింగ్ ఇమ్మని కూడా అడగొచ్చు. ఇల్లు కొనేటప్పుడు మనవాళ్ళందరూ కింద ఒక బెడ్‌రూమ్, ఫుల్ బాత్ ఉండాలని పట్టుబడతారు, అత్తగారు మావగారు వస్తే పైకి ఎక్కలేరని. మంచిదే, కానీ ఆ కింది బాత్రూంకి తలుపు ఎంత వెడల్పు ఉందో ఎవరూ చూడరు. తెరిచాక 32 అంగుళాల దారి ఉంటే తప్ప కుర్చీ సాఫీగా పట్టదు. వాస్తు చూపించినరోజే ఒక టేపు కూడా పట్టుకెళ్ళండి.

ఇక పిల్లల సంగతి, ఇదే అన్నిటికన్నా ఎక్కువమంది అడిగేది, అన్నిటికన్నా ఆలస్యంగా అడిగేది కూడా. రెండేళ్ళు దాటినా పిల్లాడు మాట్లాడటం లేదు, పిలిస్తే తిరిగి చూడటం లేదు అని తల్లికి అనుమానం వస్తుంది. ఇండియాకి వీడియో కాల్ చేస్తే "మగపిల్లలకి మాటలు ఆలస్యమేలే, మీ మావయ్య ఐదేళ్ళకి గానీ నోరు విప్పలేదు, ఇప్పుడు చూడు ఎంత వాగుతాడో" అంటారు. మావయ్య సంగతి నిజమే కావచ్చు. కానీ ఇక్కడ మూడేళ్ళలోపు పిల్లలకి టెక్సస్‌లో ఈసీఐ అని ఎర్లీ ఇంటర్వెన్షన్ ప్రోగ్రాం ఉంది, డాక్టరు చీటీ లేకుండా తల్లిదండ్రులే ఫోన్ చేయొచ్చు, థెరపిస్టులు చాలావరకు ఇంటికే వస్తారు. చూపించుకుని ఏమీ లేదని తేలితే నష్టమేమీ లేదు, మావయ్య మాట నమ్మి ఏడాది వదిలేస్తే ఆ ఏడాది తిరిగి రాదు.

మూడేళ్ళు నిండితే బాధ్యత స్కూల్ డిస్ట్రిక్ట్‌ది, పిల్లాడు ఇంకా స్కూల్లో చేరకపోయినా సరే. వైకల్యం ఉన్న పిల్లల చదువు కోసం 1975 నుంచి ఉన్న చట్టం ఇది, ఇప్పుడు ఐడియా అని పిలుస్తారు. హెచ్4 డిపెండెంట్ వీసా మీద ఉన్న పిల్లాడికి కూడా అంతే హక్కు, ఈ సేవలకి వీసాతో పనిలేదు. ఒక్కటే షరతు: నోటితో అడగొద్దు, రాసి ఇవ్వండి. పికప్ లైన్‌లో టీచర్‌తో "కొంచెం చూడండి మేడం" అంటే ఆవిడ నవ్వి తలూపుతుంది, అక్కడితో అయిపోతుంది. "మా అబ్బాయికి స్పెషల్ ఎడ్యుకేషన్ ఇవాల్యుయేషన్ చేయించమని కోరుతున్నాను" అని ప్రిన్సిపాల్‌కో స్పెషల్ ఎడ్యుకేషన్ డైరెక్టర్‌కో మెయిల్ పెడితే టెక్సస్‌లో 15 స్కూలు రోజుల్లో జవాబివ్వాలి, మీరు ఒప్పుకుని సంతకం పెట్టాక సాధారణంగా 45 స్కూలు రోజుల్లో రిపోర్టు రావాలి. రాతపూర్వకంగా అని ఎందుకింత నొక్కి చెప్తున్నానంటే, ఈ రాష్ట్రంలో 2004 నుంచి ఏళ్ళ తరబడి మొత్తం పిల్లల్లో స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లలు 8.5 శాతం దాటకూడదన్నట్టు ఒక లెక్క పెట్టుకుని నడిపారు. 2016లో హ్యూస్టన్ క్రానికల్ పత్రిక బయటపెట్టింది, 2018లో కేంద్ర విద్యాశాఖ అది చట్టవిరుద్ధమని తేల్చింది. ఆ లెక్క ఇప్పుడు లేదు గానీ, మెయిల్‌కి ఉన్న బలం మాటకి లేదు.

రిపోర్టు వచ్చాక పిల్లాడికి ఏం సాయం ఇవ్వాలో తేల్చే ఏఆర్‌డీ మీటింగ్ అని పెడతారు. బల్లకి అటువైపు ఆరేడుగురు, ఇటువైపు మీరిద్దరు. అమ్మకి ఇంగ్లిష్ ఇబ్బంది అయితే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని ముందే చెప్పండి, ఏర్పాటు చేయడం వాళ్ళ పని. వాళ్ళు రాసిన ప్లాన్ నచ్చకపోతే ఒప్పుకోవాల్సిన పనిలేదు, పది స్కూలు రోజుల్లోపు మళ్ళీ కూర్చుందామని అడగొచ్చు. మనవాళ్ళు టీచర్లంటే ఉన్న గౌరవం కొద్దీ ఇచ్చిన కాగితం మీదల్లా సంతకం పెట్టేస్తారు, గౌరవం ఉండనివ్వండి, సంతకం మాత్రం ఇంటికెళ్ళి చదివాక పెట్టండి. ఇంకా రెండు ముక్కలు. ఉద్యోగం మారేటప్పుడు జీతం ఒక్కటే చూడకుండా కొత్త కంపెనీ ఇన్సూరెన్స్‌లో ఏబీఏ (ఆటిజం పిల్లలకిచ్చే బిహేవియర్ థెరపీ), స్పీచ్ థెరపీ కవర్ అవుతాయా, ఏడాదికి ఎన్ని విజిట్లు ఇస్తారు అని ఆఫర్ మీద సంతకానికి ముందే కనుక్కోండి. టెక్సస్‌లో మెడికెయిడ్ వెయివర్లకి, అంటే ఇంటి దగ్గరే సంరక్షణకి ప్రభుత్వం ఖర్చు పెట్టే పథకాలకి, ఇంట్రెస్ట్ లిస్టులు (వెయిటింగ్ లిస్టులు) ఉంటాయి, వాటిలో కొన్నింటిలో పదేళ్ళు పైనే పడుతుంది. అర్హతలన్నీ వంతు వచ్చినప్పుడు చూస్తారు కాబట్టి గ్రీన్‌కార్డు వచ్చాక చూద్దాంలే అనుకోకుండా ఇప్పుడే పేరు రాయించండి. వేరే రాష్ట్రానికి మారితే ఆ వంతు వెంట రాదు.

ఇంతవరకు చెప్పిందంతా బయటివాళ్ళతో వ్యవహారం, చట్టం వెనక ఉంటుంది. అసలు కష్టం మనవాళ్ళ మధ్యే. వైకల్యం ఉన్నవాళ్ళపై వివక్ష చూపకూడదని 1990లో వచ్చిన ఏడీఏ చట్టం హోటళ్ళకి, షాపులకి, సినిమా హాళ్ళకి వర్తిస్తుంది గానీ మత సంస్థలకి అందులో మినహాయింపు ఉంది. అంటే గుడిలో లిఫ్టు లేదని ఆ చట్టం కింద ఏమీ చేయలేరు. అయితే ఆ మినహాయింపు గుడికే, టికెట్లు అమ్మి హోటల్ బాల్‌రూంలో మన సంఘాలు చేసే ఈవెంట్లకి కాదు. వీల్‌ఛైర్ సీటుకి ఎక్కువ రేటు అడగకూడదు, పక్కనే ఇంకో మూడు సీట్ల దాకా ఇంటివాళ్ళకి కొనుక్కునే వీలుండాలి. నిర్వాహకులకి ఇది తెలియక చివరి వరసలో ఒక మూల రెండు కుర్చీలు తీసేసి "ఇదిగో మీకు" అంటారు.

గుళ్ళలో నేను చూసే చిక్కు మెట్లు ఒక్కటే కాదు. కుర్చీ చక్రాలు బయట తిరిగినవి కదా, చెప్పులతో సమానం కదా, లోపలికి ఎలా అని ఎవరో ఒకరు ఆపుతారు. కొన్నిచోట్ల లోపలికి వేరే కుర్చీ ఉంచి అందులోకి మారమంటారు, మామూలు పెద్దవాళ్ళకి అది సరిపోతుంది గానీ నడుముకి, మెడకి ఆనుడు కొలిచి చేయించుకున్న కుర్చీలోంచి అలా మారడం కుదరదు. తడిగుడ్డతో చక్రాలు తుడిచి పంపితే సరిపోతుంది, గుమ్మం దగ్గర ఒక బకెట్, నాలుగు తువ్వాళ్ళు. కాలికి బ్రేసులు వేసుకున్న పిల్లలు బూట్లు విప్పితే నిలబడలేరు, దానికి కూడా అంతే. పూజారిగార్లని అడిగితే చాలామంది సరేనంటారు, అడ్డం పడేది సాధారణంగా వాలంటీర్లే.

మన ఈవెంట్లలో ఒక దృశ్యం మీరు తప్పకుండా చూస్తారు. స్టేజీకి నాలుగు మెట్లు, ర్యాంపు ఉండదు. కవిత చదవాల్సిన ఆవిడ బ్యాటరీ కుర్చీలో కింద ఉంటుంది. వెంటనే నలుగురు బలిష్ఠులు పంచెలు ఎగ్గట్టి "ఏం పర్లేదక్కా, మేం ఎత్తేస్తాం" అని వస్తారు. మనసు మంచిదే. కానీ ఆ కుర్చీ ఒక్కటే వంద కిలోలు దాటుతుంది, పైగా నిండు సభలో నలుగురు మగవాళ్ళు ఎత్తి మోస్తుంటే ఫోన్లన్నీ పైకి లేస్తాయి, కవిత ఎవరికీ గుర్తుండదు. అద్దెకి తీసుకున్నది స్కూల్ ఆడిటోరియం అయితే చాలాచోట్ల స్టేజీ పక్కన చిన్న లిఫ్టు ఉంటుంది, తాళం వేసి. ఆ తాళంచెవి బిల్డింగు చూసుకునే కస్టోడియన్ దగ్గర ఉంటుంది, శనివారం సాయంత్రం ఆయన ఎక్కడుంటాడో ఎవరికీ తెలియదు. హాలు బుక్ చేసేటప్పుడే ఫారంలో రాయించండి. లిఫ్టు లేకపోతే ర్యాంపు అద్దెకి దొరుకుతుంది, అంగుళం ఎత్తుకి అడుగు పొడవు లెక్కన చూసుకోండి, రెండడుగుల స్టేజీకి 24 అడుగులు కావాలి, ఏదో ప్లైవుడ్ చెక్క వాల్చి పెట్టేది కాదు. అదీ కుదరదంటే ఆ అరగంట మైకు కిందికి తెచ్చి అందరి చేతా కిందే చదివించండి.

బాత్రూంలో వీల్‌ఛైర్ల కోసం ఉండే పెద్ద స్టాల్ మన డాన్స్ ప్రోగ్రాముల రోజు గ్రీన్‌రూం అయిపోతుంది. కూచిపూడి పాపకి జడ, చీర, గజ్జెలు అన్నీ అందులోనే, బయట వాకర్ పట్టుకుని ఒక బామ్మగారు నిలబడి ఉంటారు. డ్రెస్సులు మార్చుకోవడానికి ఒక క్లాస్‌రూం తీసుకోండి బాబూ. శబ్దానికి తట్టుకోలేని పిల్లలుంటారు, స్పీకర్లు దద్దరిల్లేటప్పుడు చెవులు మూసుకుని ఏడుస్తారు, వాళ్ళకి కూడా పక్కన ఒక నిశ్శబ్దమైన గది చూపిస్తే ఆ తల్లిదండ్రులు భోజనాల దాకా ఉంటారు. లేకపోతే మొదటి పాటకే వెళ్ళిపోతారు, తర్వాత రావడమే మానేస్తారు, "వాళ్ళు ఎవరితో కలవరండీ" అని మనమే అంటాం.

ఆంటీల ప్రశ్నలకి ఏం చెప్పాలి అని ఒకమ్మాయి అడిగింది. "అయ్యో పాపం, పుట్టుకతోనేనా? జాతకం చూపించారా?" అని పిల్లాడి ఎదురుగానే అడుగుతారు. పెద్దవాళ్ళతో గొడవ పెట్టుకోలేం. "వాడినే అడగండి ఆంటీ, కబుర్లు బాగా చెప్తాడు" అని పిల్లాడివైపు తిప్పేయండి, మాటలు రాని పిల్లాడైతే "వాడికి మీ చేతి గారెలంటే ఇష్టం" అని ప్లేటు చేతికివ్వండి. పనిచేస్తుంది.

వినపడనివాళ్ళు ఇండియా నుంచి వస్తుంటే ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. అక్కడి సైన్ భాష వేరు, ఇక్కడి అమెరికన్ సైన్ భాష, అంటే ఏఎస్‌ఎల్, వేరు. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు అపాయింట్‌మెంట్ తీసుకున్నరోజే ఆ తేడా చెప్పి ఏర్పాటు అడగాలి, ఇంటర్‌ప్రెటర్ ఖర్చు ఆసుపత్రిదే, మీ బిల్లులో వేయకూడదు.

చివరగా టిఫిన్ సెంటర్లు, ఇండియన్ స్టోర్లు పెట్టుకున్న తమ్ముళ్ళకి. నడవల్లో బియ్యం బస్తాలు పేర్చేస్తే మనిషే పక్కకి తిరిగి నడవాలి, కుర్చీ ఎక్కడ పడుతుంది? ఏడీఏ నుంచి మీకు మినహాయింపేమీ లేదు, కేసు పడితే లాయరు ఖర్చు ర్యాంపు ఖర్చుకన్నా ఎక్కువే. పోయిన ఏడాది అమ్మకాలు పది లక్షల డాలర్లు దాటని వ్యాపారానికి, లేదా ఫుల్‌టైం ఉద్యోగులు 30 మందికి మించని వ్యాపారానికి, ఇలాంటి మార్పులకి పెట్టిన ఖర్చులో మొదటి 250 డాలర్లు వదిలేసి 10,250 దాకా సగం ట్యాక్స్ క్రెడిట్‌గా వస్తుంది, అంటే ఏడాదికి 5,000 వరకు. ఫారం 8826. మీ సీపీఏ తనంతట తాను చెప్పకపోవచ్చు, మీరే అడగండి.