అమలాపురంలో కూర్చుని పైరసీ సినిమా లింకులు పెడితే అమెరికాకు అప్పగిస్తారా?

దారైతే ఉంది. 1997లో కుదిరిన భారత్-అమెరికా అప్పగింత ఒప్పందం ప్రకారం, చేసిన పని రెండు దేశాల్లోనూ ఏడాదికి మించి జైలుశిక్ష పడే నేరమై ఉండాలి. మన కాపీరైట్ చట్టం 63వ సెక్షన్‌లో గరిష్ఠ శిక్ష మూడేళ్లు, అంటే ఆ గీత దాటినట్టే. "నేను కోనసీమ దాటలేదండీ" అంటే సరిపోదు.

అయితే ఇది తెమిలే పని కాదు. పైరసీ ఫైళ్ల కేసులో అమెరికా అడిగిన మెగాఅప్‌లోడ్ అనే ఫైల్ షేరింగ్ సైటు యజమాని కిమ్ డాట్‌కామ్‌ను న్యూజిలాండ్‌లో 2012 జనవరిలో పట్టుకున్నారు. అప్పగింతపై అక్కడి మంత్రి సంతకం పడింది 2024 ఆగస్టులో! సెల్ షాపులో ఇరవై రూపాయలు తీసుకుని మెమరీ కార్డులో సినిమాలు ఎక్కించే కుర్రాడి కోసం ఎవరూ అంత తంటాలు పడరు. వాడి టెన్షనంతా మన పోలీసులతోనే. సైటు నడిపి, ప్రకటనల డబ్బు లాగేవాడి సంగతి వేరు. అక్కడా మన 1962 నాటి నేరస్థుల అప్పగింత చట్టం కింద ముందు మేజిస్ట్రేట్ విచారణ, ఆపైనే కేంద్రం నిర్ణయం.