తీశాడా, తీసుకున్నాడా, పట్టుకుపోయాడా?

ప్రియమైన తమ్ముడికి,

నీ కథ చదివాను. తండ్రి పోయాక అన్నదమ్ములు సామాన్లు పంచుకునే ఘట్టం బాగా పట్టుకున్నావు. కానీ అక్కడ 'గడియారం అన్నచేత తొలగించబడింది' అని రాశావు. ఇళ్ళల్లో ఎవరూ అలా మాట్లాడుకోరు. 'తొలగించు' ఆఫీసు కాగితాల్లో ఉండనీ. ఉద్యోగం పోయినా జనం 'తీసేశారు' అంటారు, మరీ ఒళ్ళు మండితే 'పీకేశారు' అంటారు.

నీకు కావాల్సింది 'తీయడం'. దాని పక్కన ఏ క్రియ చేరిందన్న దాన్నిబట్టి పాత్ర మనసు తెలుస్తుంది. ఆ గడియారాన్నే చూడు. 'అన్న గడియారం తీశాడు' అంటే మేకు నుంచి దించాడు, అంతే. సెల్ మార్చడానికే కావచ్చు. 'తీసేశాడు' అంటే ఇక అది అక్కడ ఉండకూడదనుకున్నాడు. 'తీసుకున్నాడు' అంటే తనది చేసుకున్నాడు. 'తీసుకెళ్ళాడు' అంటే రేపు తిరిగి తెచ్చినా తేవచ్చు. అదే 'తీయడం' వదిలేసి 'పట్టుకుపోయాడు' అన్నావనుకో, చెబుతున్నది కథలోని తమ్ముడని, వాడికి కడుపు రగులుతోందని వేరే చెప్పక్కర్లేదు. నీ కథకి సరిపోయేది ఇదే. అయితే తెలంగాణ మాటలో 'తీసుకెళ్ళాడు' అనడానికి 'తీస్కపోయిండు' మామూలు మాటే, అందులో నిష్ఠూరం ఉండి తీరాలని లేదు. కాబట్టి నీ పాత్ర ఎక్కడి మనిషో ముందు తేల్చుకో.

'పిల్లవాడి నుండి బొమ్మను తీసుకుంది' అని ఇంకోచోట రాశావు. 'పిల్లాడి చేతిలోంచి బొమ్మ లాక్కుంది' అను. చెయ్యీ కనిపిస్తుంది, పెనుగులాటా కనిపిస్తుంది.

చివర్లో 'జబ్బు నాన్నను మా నుండి తీసుకువెళ్ళింది' అన్నది అనువాదంలా ఉంది. మన మాటలో జబ్బు మనిషిని పొట్టన పెట్టుకుంటుంది. తీసుకెళ్ళేది దేవుడు. 'ఆ దేవుడు తీసుకెళ్ళిపోయాడు' అన్న మాట తల్లి నోట పెట్టు, చదివేవాళ్ళు నమ్ముతారు.

'పరువు తీశావు', 'ప్రాణం తీస్తున్నావు' లాంటివి సంభాషణల్లో ధారాళంగా వాడుకో, కథనంలో మాత్రం కాస్త పొదుపు పాటించు.

పంపకాల ఘట్టం తిరగరాసి పంపు. ఈసారి వదిన చేత కూడా మాట్లాడించు. అంత గొడవ జరుగుతుంటే ఆవిడ నోరు మెదపకుండా నిలబడిందంటే నాకు నమ్మబుద్ధి కాలేదు.

ప్రేమతో,
అన్నయ్య