ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు పోస్తే పాత కార్బురేటర్ బండికి ఏమవుతుంది?

మైలేజీ తగ్గుతుంది, అది ఖాయం. లీటరు ఇథనాల్‌లో పెట్రోలు కంటే సుమారు మూడో వంతు శక్తి తక్కువ. 20 శాతం కలిపితే లెక్క ప్రకారం 6-7 శాతం తగ్గాలి: లీటరుకు 45 కి.మీ. ఇచ్చే బండి 42 దగ్గర ఆగుతుంది. సగానికి పడిపోయిందంటే మాత్రం తప్పు ఇంధనానిది కాదు, ఇంకెక్కడో వెతకండి.

అసలు చిక్కు గాలి-ఇంధనం పాళ్లలో ఉంది. కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 చాలు. బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణాల) ఇంజెక్షన్ బండిలో ఆక్సిజన్ సెన్సర్ చూసి ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ఇంధనం పెంచుకుంటుంది. కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు, మిశ్రమం పలచబడుతుంది, అంటే గాలి ఎక్కువై ఇంధనం చాలదు. పొద్దున్నే స్టార్ట్ కాకపోవడం, యాక్సిలరేటర్ తిప్పగానే తడబడటం, స్పార్క్ ప్లగ్ కొన తెల్లబారడం దీని గుర్తులు. ఐడ్లింగ్ వరకు మిక్స్చర్ స్క్రూ సరిచేస్తే చాలు. వేగంలో కూడా తడబడితే మెయిన్ జెట్ (కార్బురేటర్‌లో ఇంధనం వచ్చే సన్న రంధ్రం) ఒక సైజు పెంచాలి.

పొగలో కార్బన్ మోనాక్సైడ్, మండని హైడ్రోకార్బన్లు తగ్గుతాయి, ఎసిటాల్డిహైడ్ అనే హానికర రసాయనం పెరుగుతుంది. నైట్రోజన్ ఆక్సైడ్లు ట్యూనింగ్‌ను బట్టి ఎటైనా పోవచ్చు.

ఇథనాల్ నీటిని పీలుస్తుంది. వానాకాలంలో నెలల తరబడి బండి కదపకపోతే ట్యాంకు అడుగున నీళ్లు చేరి తుప్పు పడుతుంది. పాత రబ్బరు పైపులు, గాస్కెట్లు ఉబ్బితే వెంటనే మార్చండి.