అమెరికాలో అద్దె కారు: ముందు ఏ కవరేజీ తీసుకోవాలి?

ప్రశ్న: డిసెంబరులో కుటుంబంతో కాలిఫోర్నియా వెళ్తున్నాం. లాస్ ఏంజెలెస్‌లో కారు అద్దెకి తీసుకుని లాస్ వేగాస్, గ్రాండ్ కాన్యన్ చూసి రావాలని ప్లాన్. బుకింగ్‌లో సీడీడబ్ల్యూ, ఎస్ఎల్ఐ, పీఏఐ అంటూ రోజుకి ఇంతని కలుపుకుంటూ పోతున్నారు. క్రెడిట్ కార్డు కవరేజీ, ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉన్నాయి కదా, ఇవన్నీ అవసరమా? ఏదైనా జరిగినా ఇండియా వచ్చేశాక మనల్ని ఏం చేయగలరు?

జవాబు: వీటిలో ఒక్కటే తీసుకోగలిగితే ఎస్ఎల్ఐ తీసుకోండి, అంటే మీ కారు వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి ఇచ్చే అదనపు లయబిలిటీ కవరేజీ. చాలామంది సీడీడబ్ల్యూ తీసుకుని దీన్ని వదిలేస్తారు, నాకు భయం వేసేది అక్కడే.

సీడీడబ్ల్యూ అంటే అద్దె కారు దెబ్బతింటే మీ దగ్గర వసూలు చేయమని కంపెనీ రాసిచ్చే హామీ. అది లేకపోయినా నష్టం దాదాపు ఆ కారు ఖరీదు దగ్గర ఆగుతుంది. మీ కారు తగిలి ఒక మనిషి వెన్నెముక విరిగితే మాత్రం అక్కడి ఆసుపత్రి ఖర్చుకి, కోర్టు వేసే పరిహారానికి అలాంటి హద్దేమీ ఉండదు. మన దేశంలో థర్డ్ పార్టీ పాలసీ ఉంటే మరణానికి, గాయాలకి కోర్టు ఎంత చెబితే అంత ఇన్సూరెన్స్ కంపెనీ కడుతుంది కాబట్టి మనకి ఈ టెన్షన్ అలవాటు లేదు. కాలిఫోర్నియాలో చట్టం అడిగే కనీస కవరేజీ 2025 జనవరి 1 నుంచి పెరిగాక కూడా ఒక మనిషికి 30 వేల డాలర్లు, ప్రమాదం మొత్తానికి 60 వేలు, ఆస్తి నష్టానికి 15 వేలు మాత్రమే. అద్దెలో అదైనా కలిసి ఉందో లేదో ఒప్పందం చదివి తెలుసుకోవాలి. పైన పడేదంతా మీదే. కారు ఓనరు కంపెనీయే కదా అంటే, 2005లో వచ్చిన గ్రేవ్స్ సవరణ అనే అమెరికా కేంద్ర చట్టం ప్రకారం, తన తప్పేమీ లేనప్పుడు ఓనరు అయినంత మాత్రాన అద్దె కంపెనీకి బాధ్యత ఉండదు. ఎస్ఎల్ఐ చాలా కంపెనీల్లో 10 లక్షల డాలర్ల దాకా ఉంటుంది, మీ కంపెనీ ఎంత ఇస్తుందో అడగండి.

క్రెడిట్ కార్డు కవరేజీ, ఉన్నా కూడా, మామూలుగా అద్దె కారు డ్యామేజీకే. ట్రావెల్ పాలసీలో పర్సనల్ లయబిలిటీ అని చూసి ధైర్యపడకండి, వాహనం నడపడం వల్ల వచ్చే బాధ్యతని సాధారణంగా అందులోంచి తీసేస్తారు. అదే పాలసీలో వైద్య ఖర్చులకి మంచి మొత్తం ఉంటే పీఏఐ (ప్రమాదంలో మీకు, కారులో ఉన్నవాళ్లకి దెబ్బలు తగిలితే ఇచ్చే కవరేజీ) అక్కర్లేదు.

ఇండియా వచ్చేశాక అన్నారు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఎ కింద మన ప్రభుత్వం నోటిఫై చేసిన దేశాల్లో అమెరికా లేదు, అందుకని అక్కడి కోర్టు డిక్రీని నేరుగా ఇక్కడ అమలు చేయలేరు. కానీ దాని ఆధారంగా 3 ఏళ్లలోపు ఇక్కడ దావా వేయొచ్చు, అదే కోడ్ 13వ సెక్షన్ మినహాయింపుల్లోకి (మోసంతో తెచ్చుకున్న తీర్పు లాంటివి) వస్తే తప్ప ఆ తీర్పుని ఇక్కడి కోర్టు మళ్లీ తిరగతోడదు. అయినా మన వల్ల దెబ్బ తిన్న మనిషిని ఖాళీ చేతులతో వదిలేసి విమానం ఎక్కేయడం సరైన పని కాదండీ.

ఇంకో సంగతి, ఒప్పందంలో పేరు లేనివాళ్లు నడిపినా, తాగి నడిపినా, మట్టిరోడ్ల మీదికి దింపినా కొన్న కవరేజీ కూడా పోవచ్చు, కాబట్టి స్టీరింగ్ పట్టే ప్రతి ఒక్కరి పేరూ రాయించండి, నెవాడా, అరిజోనాలకి తీసుకెళ్తున్నామని ముందే చెప్పండి. మధ్యవర్తి వెబ్‌సైట్లు అమ్మే ‘ఫుల్ ప్రొటెక్షన్’లో చాలా వరకు ముందు మీరు కట్టి తర్వాత క్లెయిమ్ చేసుకోవాల్సిన రకాలే, పైగా అవి మీ అద్దె కారు వరకే. అక్కడ కొనేముందు అసలు కంపెనీ సైట్లో మీ నివాస దేశం ఇండియా అని ఇచ్చి చూడండి, విదేశీయులకి సీడీడబ్ల్యూ, లయబిలిటీ రెండూ కలిపిన రేటు చాలాసార్లు కౌంటర్ దగ్గర విడిగా కొనేదానికంటే తక్కువకే వస్తుంది.