అమ్మాయి లాప్‌టాప్‌లో లినక్స్ కూడా వేస్తానంటోంది, వేయనివ్వమంటారా?

ప్రశ్న: మాది పలాస. జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌ని. మా అమ్మాయి విజయనగరంలో హాస్టల్లో ఉండి బీటెక్ రెండో సంవత్సరం, కంప్యూటర్ సైన్స్ చదువుతోంది. నిరుడు 56 వేలు పెట్టి లాప్‌టాప్ కొన్నాం, వాయిదాలు ఇంకా కడుతున్నాను. అందులో విండోస్ ఉండగానే పక్కన లినక్స్ వేసుకుంటానంటోంది. పాడవుతుందేమోనని టెన్షన్. దానివల్ల ఉద్యోగానికి ఏమైనా లాభముందా?

జవాబు: వేయనివ్వండి. కాకపోతే పరీక్షలు గానీ ల్యాబ్ సబ్మిషన్లు గానీ దగ్గర పడ్డ వారంలో వద్దు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు చేసుకోమనండి.

ముందు మీ రెండో ప్రశ్న. లినక్స్ అంటే విండోస్‌లాగే కంప్యూటర్‌ని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్. లినక్స్ వేసుకున్నంత మాత్రాన ఉద్యోగం రాదు. రెజ్యూమెలో ‘లినక్స్ తెలుసు’ అని రాసుకుని, ఇరుక్కుపోయిన ప్రోగ్రామ్‌ని ఎలా ఆపుతావమ్మా అని అడిగితే నేల చూపులు చూసే పిల్లలు నాకు చాలామందే తగిలారు. రోజూ దానిమీద పని చేస్తేనే ఫలం. వెబ్‌సైట్లు నడిపే పెద్ద కంప్యూటర్లలో, అంటే సర్వర్లలో, ఎక్కువ భాగం లినక్స్‌వే. 2017 నవంబరు నుంచి వేగంలో ప్రపంచపు మొదటి 500 సూపర్ కంప్యూటర్లలో ప్రతి ఒక్కటీ దానిమీదే నడుస్తోంది. మీ జేబులో ఉన్నది ఆండ్రాయిడ్ ఫోన్ అయితే, దాని లోపలా లినక్స్ కెర్నలే, అంటే దాని గుండెకాయే. ఎంటెక్ సీటు కోసం రాసే గేట్ పరీక్షలో, కంప్యూటర్ సైన్స్ సిలబస్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ ఒక సబ్జెక్టు. పుస్తకంలో చదివే ప్రాసెస్, మెమరీ, ఫైల్ పర్మిషన్ అన్న మాటలు కళ్లముందు కదిలేది ఇక్కడే. క్లౌడ్, సర్వర్ల నిర్వహణ వైపు వెళ్లాలనుకుంటే తర్వాత రెడ్ హ్యాట్ కంపెనీ పెట్టే ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ అనే లినక్స్ సర్టిఫికెట్ పరీక్ష రాయొచ్చు. అందులో టిక్కులు పెట్టడం ఉండదు, కూర్చుని పని చేసి చూపించాలి.

ఇక పాడవడం సంగతి. ఒకే ఇంటిని రెండు వాటాలు చేసుకున్నట్టు డిస్క్‌ని రెండు భాగాలు చేస్తారు. లాప్‌టాప్ ఆన్ చేయగానే ఏ వాటాలోకి వెళ్లాలో అడుగుతుంది. యంత్రానికేమీ కాదు. పోతే లోపలున్న ఫైళ్లు పోతాయి. నా పాత కంప్యూటర్లో ఇదే పని చేస్తూ, తెర మీద ఏముందో చదవకుండా ‘డిస్క్ మొత్తం తుడిచేసి ఇన్‌స్టాల్ చేయి’ అన్నదాన్ని నొక్కాను. మూడేళ్ల ఇంటి ఫొటోలు పోయాయి. తప్పు ఎవరిదీ కాదు, నాదే. అందుకే మొదట బయటి హార్డ్‌డిస్క్‌లోకి అన్నీ కాపీ చేయమనండి.

రెండోది అంతకన్నా ముఖ్యం, చాలామందికి తెలియదు. ఇప్పటి విండోస్ లాప్‌టాప్‌లలో చాలావాటికి, ఫైళ్లు వేరేవాళ్లు చదవకుండా డిస్క్‌కి బిట్‌లాకర్ అనే తాళం ముందే పడి ఉంటుంది. కంప్యూటర్ మొదలయ్యే తీరు నిర్ణయించే బూట్ సెట్టింగులు మారితే ఒక్కోసారి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఖాతా ఎవరిది? షాపులో కుర్రాడు ‘నేనే సెటప్ చేసి ఇస్తాను సార్’ అని తన మెయిల్‌తో చేసి ఉంటే, కీ అతని దగ్గర ఉన్నట్టే. కొన్న రోజు ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. మీ అమ్మాయి ఖాతాలో కీ కనిపిస్తే కాగితం మీద రాసి బ్యాంకు పాసుబుక్కుతో పాటు బీరువాలో పెట్టండి. కనిపించకపోతే అది తేలేదాకా ఏమీ ముట్టుకోవద్దు.

మిగతావి ఆమెకి తెలిసే ఉంటాయి, అయినా చెబుతాను. ఖాళీ జాగా విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ నుంచే తీయాలి. 60 నుంచి 80 జీబీ చాలు. ఫాస్ట్ స్టార్టప్ ఆపేయాలి. లేకపోతే విండోస్ పూర్తిగా మూతపడదు, లినక్స్ నుంచి ఆ ఫైళ్లలో ఏమీ రాయనివ్వదు. లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటులో, ఎక్కువకాలం అప్‌డేట్లు ఇచ్చే ఎల్‌టీఎస్ వెర్షన్ తీసుకుంటే ఐదేళ్లు అప్‌డేట్లు వస్తాయి. పని జరిగేటప్పుడు చార్జర్ పెట్టే ఉంచాలి. తిత్లీ తుపాను చూసిన పలాస వాళ్లకి కరెంటు గురించి నేను చెప్పాలా!

విండోస్‌ని మాత్రం తీసేయనివ్వకండి. కొన్ని కంపెనీల ఆన్‌లైన్ పరీక్షల సాఫ్ట్‌వేర్ లినక్స్‌లో తెరుచుకోదు.

మీకు మరీ భయంగా ఉంటే ఇంకో దారి ఉంది. విండోస్ లోపలే లినక్స్‌ని నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ అన్నది మైక్రోసాఫ్టే ఇస్తోంది, డబ్బులేం కట్టక్కర్లేదు. డిస్క్‌ని విడగొట్టే పని లేదు. కమాండ్లు, ప్రోగ్రాములు నేర్చుకోవడానికి మొదటి ఆర్నెల్లకి అది బాగానే సరిపోతుంది. నా మాట అడిగితే అక్కడ మొదలుపెట్టి, రోజూ వాడుతోందని నమ్మకం కుదిరాక సంక్రాంతి సెలవుల్లో వాటాలు వేయమంటాను.

ఒకటి ముందే చెప్పి ఉంచుతాను. రెండూ వేశాక ఒకరోజు ‘నాన్నా, విండోస్‌లో టైము ఐదున్నర గంటలు వెనక్కి పోయింది’ అని ఫోన్ చేయొచ్చు. కంగారు పడి షాపుకి తీసుకెళ్లకండి. ఒక్క కమాండ్‌తో సరిపోయే పని. సరిగ్గా ఐదున్నర గంటలే ఎందుకో మాత్రం ఆమెనే కనుక్కుని మీకు చెప్పమనండి.